ఫస్టు గేరు లేని సైకిలు

ఎండుచేపల గంప పక్కనుంటే ఆటో ఆగదు. ఆగినా డ్రైవరు ముందు నా మొహం చూస్తాడు, తర్వాత గంప చూస్తాడు, ఆ తర్వాత హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోతాడు. ఒక కుర్రాడు మాత్రం అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచి, మర్యాదగా చెప్పాడు.

"అప్పా, నీకు సీటున్నాది. నీ సేపలకి నేదు. ఓసారి ఎక్కించుకున్నానంటే వారం దాకా నా ఆటో సముద్రం వాసనొస్తాది. పెళ్ళి బేరాలు పోతాయి."

ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. అతను చెప్పింది నిజమే. నాకు ఆ వాసన తెలియదు. కోటబొమ్మాళి దగ్గర పుట్టి, ఒడ్డు నుంచి వచ్చే నెత్తళ్ళ చేపల బుట్టల మధ్య పెరిగినదాన్ని. అందరికీ ఇంట్లో అన్నం ఉడికే వాసన ఎలాగో, నాకు ఎండుచేపల వాసన అలాగ.

పెళ్ళయ్యాక సాలూరు పక్కన కొండల కింది ఊరికి వచ్చాను. మా అత్త ప్రతి శనివారం కొండమీద సంతకి ఎండుచేపలు పట్టుకెళ్ళేది. ఆమె కాళ్ళు పట్టేశాక ఆ గంప నా నెత్తికెక్కింది. గంపతో పాటు సంతలో ఆమె చోటు కూడా నాకు వచ్చింది. రేషను డిపో గోడ పక్కన, మధ్యాహ్నం దాకా నీడ ఉండే చోటు అది. సంతలో చోటుకి కాగితం ఉండదు. కూర్చున్నవాళ్ళదే చోటు. ఒక వారం రాలేకపోతే పక్కన కూర్చునే మనిషి మన గోనెసంచి పరిచి దాని మీద ఒక రాయి పెడుతుంది. ఆ పూటకి ఆ రాయే మనం. అలాగని ప్రతి వారం రాయే వస్తూ ఉంటే ఎవరూ ఊరుకోరు. "రాయికి బేరం ఆడ్డం రాదు" అని ఎవరో ఒకరు దాన్ని పక్కకి నెట్టి కూర్చుంటారు. అందులో అన్యాయం ఏమీ లేదు. అందరం అలా సంపాదించుకున్న చోట్లే.

మునుపు జీపులు తిరిగేవి. టాపు మీద గంప పడేస్తే కింద కూర్చున్నవాళ్ళకి ఇబ్బంది ఉండేది కాదు. జీపులు పోయి ఆటోలు వచ్చాయి. ఆటోకి టాపు ఉంటుంది గాని దాని మీద గంప నిలవదు. బస్సు పైకి చేరేసరికి సంత సగం అయిపోతుంది. నడిచి ఎక్కుదామంటే మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు ఫోటో తీసి మరీ చూపించాడు. సంత మానెయ్యమని ఇంట్లో ఎవరూ అనలేదు. మానెయ్యడం ఒక్కటే మిగిలిందని మాత్రం అందరికీ తెలుసు. వారంలో మిగతా రోజులన్నీ నేను ఒకరి భార్యని, ఒకరి తల్లిని, చర్చిలో వెనక చాప మీద కూర్చునే మనిషిని. శనివారం మాత్రం సేపలప్పని. కొండమీద ఆడవాళ్ళు నన్ను అలాగే పిలుస్తారు. ఆ పిలుపు లేకుండా వారం ఎలా గడుస్తుందో నాకు ఊహకి రాలేదు.

విజయనగరంలో నర్సు పని చేస్తున్న మా అమ్మాయికి ఈ సంగతి ఫోనులో చెప్పాను. కొన్నాళ్ళకి ఒక అట్టపెట్టె పార్సిల్‌లో వచ్చింది. విప్పి చూస్తే సైకిలుకి పెట్టుకునే మోటారు. చక్రంలో పెట్టేది కాదు, రెండు పెడళ్ళ మధ్య, ఇరుసు ఉండే చోట పెట్టేది. బ్యాటరీ వేరే పెట్టెలో వచ్చింది.

మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయన జీవితమంతా సాలూరు లారీ షెడ్లలో గడిచింది. కుర్రతనంలో క్లీనరుగా ఎక్కి, తర్వాత మెకానిక్కు అయి, నడుము నొప్పి వచ్చాక ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయన చేతిలో పడ్డ ఇంజన్లన్నీ నలుగురు పట్టి ఎత్తేవి.

"ఇదేటే, కొబ్బరికాయంత ఉన్నాది! ఇది నిన్ను లాగుతాదేటి?"

"నన్ను లాగక్కర్లేదు మావా. నా గంపని లాగితే సాలు."

"నువ్వూ నీ గంపా ఏరేరు కాదు గదా."

పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంది, ఎలా బిగించాలో చెప్పేది. ఆయన దాన్ని నా మీదకి విసిరాడు. "నువ్వు సదువుకున్నావు గదా, సదువు."

నేను యాభై దాటాక, చర్చిలో పాస్టరమ్మగారు ఆడవాళ్ళకి పెట్టిన తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. కీర్తనల పుస్తకం, బస్సు బోర్డు, గోడ మీద పార్టీ రాతలు అన్నీ కూడబలుక్కోకుండా చదువుతాను. ఆ పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క గడ్డిపరకలు పేర్చినట్టున్న అక్షరాలు.

"నాకొచ్చిన అచ్చరాలు ఇందులో నేవు," అన్నాను.

"మరి నీకూ నాకూ తేడా ఏటి?" అని ఆయన బొమ్మలు చూసి బిగించడం మొదలుపెట్టాడు. మధ్యలో కడ్డీ లేని ఆడవాళ్ళ సైకిలు ఒకటి పాతసామాన్ల కొట్లో పట్టుకొచ్చాడు. వెనక రెండు పక్కలా చేపల డబ్బాలకి ఇనుప బుట్టలు అతికించాడు. మోటారు కంటే ముందు బ్రేకులు చూశాడు. "ఎక్కించేది మోటారు, ఇంటికి తెచ్చేది బ్రేకు" అన్నాడు. చిన్నప్పుడు మా అన్న సైకిలు దొంగతనంగా తొక్కేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత మా వీధిలో మళ్ళీ తొక్కాను. మా ఆయన సీటు పట్టుకుని నా వెనక వచ్చాడు. ఎప్పుడు వదిలేశాడో నాకు చెప్పలేదు.

చదును మీద బండి బాగానే పోయింది. పెడలు మీద కాలు పెట్టగానే ఎవరో వెనకనుంచి మెల్లగా నెట్టినట్టు ఉండేది. కొండ మొదటి మలుపు దాకా అలాగే వచ్చింది. మలుపు తిరిగి ఎత్తు మొదలయ్యేసరికి మోటారు మూలగడం మొదలుపెట్టింది. కాసేపటికి మూలుగు కూడా ఆగింది. దిగి, డబ్బాలతో ఉన్న బండిని తోసుకుంటూ ఎక్కాను. నేను చేరేసరికి సంతలో జనం ఇళ్ళకి మళ్ళుతున్నారు. తెచ్చిన చేపలు తెచ్చినట్టే వెనక్కి వచ్చాయి. ఆ రాత్రి నా మోకాళ్ళకి ఆయన నూనె రాశాడు. పొద్దున్నే లేచి మోటారు విప్పేశాడు.

లారీలకి కరెంటు పని చేసే ఆయన ఒకడున్నాడు. మా ఆయనకి షెడ్డులో పాత జోడీ. ఇద్దరూ "బావా" అంటే "బావా" అనుకుంటారు. నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆయన వచ్చి మోటారు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. లోపల ఒక పచ్చటి పలక, దాని మీద చీమల్లాంటి ముక్కలు. వాటిలో ఒక చిన్న తీగ ముక్కని పుల్లతో చూపించాడు.

"సూడు బావా, మోటారు ఎంత కరెంటు తాగుతున్నాదో ఇది కొలుస్తాది. గీత దాటితే ఆపేస్తాది. దీని మీద కొంచెం సీసం కరిగించి అద్దినామంటే దీని లెక్క తప్పుతాది. రెండు గలాసులు తాగి ఒకటే తాగినాననుకుంటాది."

"అంటే నీలాగన్నమాట," అన్నాడు మా ఆయన.

"నాలాగే. అందుకే నాకు తెలుసు."

"అన్నయ్యా, దానికేం కాదు కదా?" అన్నాను.

"ఏటవుతాది సెల్లెమ్మా? మహా అంటే ఏడెక్కుతాది. ఒక మాట మాత్రం గుర్తెట్టుకో. ఇది సైకిలు కాబట్టి నెంబరు ప్లేటు నేదు, లైసెన్సు నేదు. మరీ పరిగెట్టించినావంటే మోటారు సైకిలు అయిపోతాది. పోలీసోడు ఆపుతాడు."

"ఆపమను. ముందు దీన్ని అందుకోమను," అన్నాడు మా ఆయన.

నాకు వేగం అక్కర్లేదని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తలలు ఊపారు. ఇద్దరూ వినలేదు. లారీ వాళ్ళకి బలం అన్నా వేగం అన్నా ఒకటే మాట. సీసం అద్దాక మా ఆయన తన వంతుగా ఒక పని చేశాడు. మోటారు లోపల పళ్ళ చక్రాలుండే గదిలో, లారీ చక్రాల హబ్బులో కూరినట్టు, గ్రీజు నిండా కూరి మూత బిగించాడు. షెడ్డులో ఆయనకి గ్రీజాయన అని పేరు. గ్రీజు దగ్గర పిసినారితనం చేస్తే బండి ఏడుస్తుందని ఆయన నమ్మకం. ఆ సంగతి కరెంటాయనకి చెప్పలేదు. చెప్పేంత గొప్ప విషయం అని ఆయనకి తోచలేదు.

ఓవర్‌లోడు వెయ్యకుండా బండి పరీక్ష చెయ్యడం సాలూరులో ఎవరికీ తెలియదు. నా డబ్బాల బదులు రెండు పక్కలా ధాన్యం బస్తాలు కట్టారు. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు మా ఆయన. మాది చర్చి కుటుంబమే. అయినా కొత్త బండి కదిలేటప్పుడు నిమ్మకాయ లేకపోతే ఆయన చేతులు ఆడవు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. కరెంటాయన నవ్వాడు.

"ఈ బండికి రెండు పక్కలా ఇన్సూరెన్సు ఉన్నాది బావా. భయం నేదు."

బండి నేనే నడుపుతానని పట్టుబట్టాను. నాది కాబట్టి. మా ఆయన చేతిలో ఒక చెక్కదిమ్మ పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. క్లీనరుగా ఉన్న రోజుల్లో ఘాటు రోడ్డు ఎక్కే లారీ వెనక అలాగే పరిగెత్తేవాడట. లారీ ఎక్కడ నీరసపడితే అక్కడ టైరు కింద దిమ్మ పెట్టడం క్లీనరు పని.

"నువ్వు తొక్కు. ఎనక నేనున్నాను."

పెడలు నొక్కాను. బండి నన్ను వదిలేసి తను ఒక్కతే వెళ్ళిపోతుందేమో అనిపించింది. తోక మెలిపెట్టిన కోడెదూడలా ఎగిరింది. మొదటి మలుపు ఎప్పుడు దాటానో తెలియలేదు. వెనకనుంచి మా ఆయన కేకలు చిన్నవైపోయాయి.

"ఒసే! బ్రేకు! ఒసే, నన్నొగ్గీసి ఎల్లిపోతన్నావేటే!"

నాకు నవ్వు ఆగలేదు. అంత నవ్వుతూ నేను ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. మేకలు కాస్తున్న ఒక ముసలాయన లేచి నిలబడి మరీ చూశాడు. రెండో మలుపు దగ్గర ఎత్తు ఇంకా నిటారుగా ఉంటుంది. అక్కడ నా కాళ్ళ కింద 'గర్రు'మని ఒక చప్పుడు, ప్లాస్టిక్కు కాలిన వాసన. మోటారు తిరుగుతూనే ఉంది, చక్రం మాత్రం తిరగడం లేదు. బండి వెనక్కి జారడం మొదలైంది. బ్రేకులు రెండూ పట్టాను. అయినా ధాన్యం బస్తాల బరువుకి టైరు కంకర మీద జారుతోంది. కాలు కింద పెట్టే ధైర్యం లేదు.

అప్పుడు వెనక 'ఠప్' అని వినిపించింది. బండి ఆగింది. తిరిగి చూస్తే మా ఆయన రోడ్డు మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండు చేతులూ దిమ్మ మీద, దిమ్మ టైరు కింద. ఆ వయసులో, ఆ నడుముతో, అంత ఎత్తు ఎలా పరిగెత్తుకొచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. మాట్లాడడానికి ఊపిరి లేదు. వేలితో మాత్రం నన్ను దిగమన్నాడు.

ఇంటికి తోసుకొచ్చి మూత విప్పారు. లోపల ఒక తెల్లటి నైలాను పళ్ళ చక్రం ఉంటుంది. దానికి పళ్ళు లేవు, పాలపళ్ళు ఊడిన పిల్లల నోరులా ఉంది. కరిగిన గ్రీజు మోటారు చుట్ట దాకా పాకి నల్లగా మాడింది. కరెంటాయన వేలితో తీసి చూశాడు.

"ఇంత గ్రీజు ఎవుడు కూరినాడు బావా?"

"లారీ హబ్బులో ఎంత కూరతాం?"

"ఇది లారీ హబ్బేటి? దీనికి పెళ్ళికూతురి బుగ్గన సుక్క పెట్టినట్టు పెట్టాలి. నువ్వు పులిహోర కలిపినట్టు కలిపీసినావు."

"నీ సీసం తక్కువేటి? కొబ్బరికాయకి కల్లు పోసినావు."

అలా ఇద్దరూ ఒకరి తప్పు ఒకరి మీద వేసుకుని, తర్వాత ఒకే చుట్ట కాల్చుకున్నారు. నైలాను చక్రం ఇక్కడ దొరకదు, మళ్ళీ అమ్మాయి పార్సిల్ పెట్టించాలి. ఆ శనివారం సంతకి వెళ్ళలేదు. తర్వాతి శనివారమూ వెళ్ళలేదు. ఆ సాయంత్రం సంతలో నా పక్కన ఎండుమిరపకాయలు పెట్టుకునే ఆమె ఫోను చేసింది. ఆమె కేకలు వేయకుండా ఫోనులో మాట్లాడదు.

"ఓలప్పా! వ్యాను ఏసుకుని ఒకడు వచ్చినాడే. వాడూ ఎండుసేపలే. మైకు పెట్టి అమ్ముతున్నాడు. నీ రాయి తన్నీసినాడు, నేను మల్లీ పెట్టినాను. మల్లీ తన్నీసినాడు. వచ్చే వారం కూడా నువ్వు రాకపోతే నా మాట సెల్లదు, సెప్తున్నాను!"

"వస్తానే," అన్నాను. ఎలా వస్తానో మాత్రం నాకు తెలియదు.

నా మాట మా ఆయన విన్నాడు. ఆ పూట అన్నం తింటూ తన కొత్త ఆలోచన చెప్పాడు. నైలాను చక్రం తీసేసి సాలూరులో లేతు మీద ఇనుప చక్రం కోయిస్తాడట. సీసం ఇంకొంచెం అద్దిస్తాడట. బ్యాటరీకి ఇంకో బ్యాటరీ తోడు కడతాడట.

"ఇనుముదైతే ఇరగదు గదా," అన్నాడు.

"అది ఇరగదు. గొలుసు తెగుతాది. గొలుసు తెగకపోతే ఇరుసు ఇరుగుతాది. అన్నీ గట్టివైతే ఆఖరికి నేను ఇరుగుతాను."

"మరేటి సెయ్యమంటావు? బలం సాలట్లేదు!"

"నాకు బలం లెక్క తెలవదు మావా. పెళ్ళైన కొత్తలో నన్ను నీ లారీలో ఘాటు మీదికి తీసుకెళ్ళినావు, గుర్తున్నాదా? చీమలా ఎక్కుతున్నాదని నేను నవ్వితే ఫస్టు గేరులో అంతే ఎక్కుతాది అని నన్ను కసిరినావు. మరి దీనికి ఫస్టు గేరేదీ? ఉన్నదొక్కటే గేరు. అందులో విమానంలా ఎగరమంటన్నావు!"

ఆ మాట నేను తెలివితో అనలేదు. ఒళ్ళుమండి, ఎత్తిపొడవాలని అన్నాను. ఆయన మాత్రం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, పెరట్లోకి వెళ్ళి సైకిలు వెనక చక్రం ముందు కూర్చున్నాడు. పిలిచినా పలకలేదు. మాటకి కోపం వచ్చిందనుకుని నేను నా పళ్ళెం కూడా పక్కన పెట్టాను. కాసేపటికి లోపలికొచ్చి రెండు పళ్ళాలూ చూశాడు.

"నువ్వెందుకు తిన్లేదు?"

"నువ్వెందుకు తిన్లేదు?"

"నేను ఆలోసిస్తన్నాను. తిను. రేపు నాకు పనున్నాది."

మర్నాడు పాడైపోయిన గేరు సైకిలు చక్రం ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. దాని మధ్య వరసగా చిన్నవీ పెద్దవీ పళ్ళ పళ్ళేలు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని, అప్పడంత ఉంటుంది, వేరుచేసి నా సైకిలు వెనక చక్రానికి వెల్డింగు పెట్టించాడు. గొలుసుకి కొన్ని లంకెలు అతికి పొడుగు చేశాడు. మోటారు ముందులాగే గిరగిరా తిరుగుతుంది, చక్రం మాత్రం నడుస్తుంది. అదే ఫస్టు గేరట. ఇనుప చక్రం ఆలోచన మానుకున్నాడు. అమ్మాయి పంపిన నైలానుదే పెట్టాడు. గ్రీజు పూసేటప్పుడు నన్ను పిలిచి చూపించాడు. వేలి కొసతో, కాటుక పెట్టినట్టు.

"సూసుకో. తర్వాత నన్ననొద్దు."

కరెంటాయన వచ్చి సీసం చాలావరకు గీకేశాడు. అంతా గీకబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కొంచెం ఉంచు బావా. షెడ్డులో అందరికీ డబుల్ పవర్ అని సెప్పీసినాను."

శనివారం తెల్లవారగానే డబ్బాలు కట్టాం. నెత్తళ్ళు ఒక పక్క, కవళ్ళు ఒక పక్క, ఎండురొయ్యల సంచి ముందు. ఆయన దిమ్మ పట్టుకుని బయల్దేరాడు. మొదటి మలుపు దాకా వెనకే నడిచాడు. పరిగెత్తాల్సిన పనే లేదు. బండి మనిషి నడకలా పోతోంది. ఎత్తు మొదలైంది. నేను పెడళ్ళు తొక్కుతున్నాను, కాళ్ళ మీద బరువు లేదు. మోటారు తేనెటీగలా మోగుతోంది. ఆగలేదు.

"ఇంక ఎల్లిపో మావా."

"రెండో మలుపు దాకా వస్తాను."

"నీ నడుము సంగతి నీకు తెల్దేటి? ఎల్లు. దిమ్మ నా బుట్టలో పడేసి ఎల్లు."

పడేశాడు. వెళ్ళలేదు. నేను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. తిరిగి చూడకుండానే ఆ సంగతి నాకు తెలుసు.

రెండో మలుపు దగ్గర నా గుండె ఆ 'గర్రు' కోసం ఎదురుచూసింది. రాలేదు. బండి ఇంకా నెమ్మదించింది, అంతే. వాలులో ఊళ్ళ నుంచి సంతకి ఎక్కుతున్న కొండ ఆడవాళ్ళు అల్లం మూటలు, చీపుళ్ళ కట్టలు నెత్తి మీద పెట్టుకుని నా పక్కకి వచ్చారు. ఇన్నేళ్ళూ వాళ్ళని జీపులోంచి చూసేదాన్ని. వాళ్ళ నడకా నా బండీ ఒకటే అయ్యాయి.

"ఇదేటి సేపలప్పా, ఇది నడుస్తన్నాదా, నిద్రపోతన్నాదా?"

"నడుస్తన్నాదే. దీనికి నాలాగే మోకాళ్ళు నొప్పులు."

"ఇన్నాళ్ళు ఏటైపోనావు? ఆ మైకోడి సేపల్లో ఇసక ఉన్నాది. మా అత్త పళ్ళు పటపటలాడినాయి."

ఒకామె అడగకుండానే తన చీపుళ్ళ కట్ట నా డబ్బా మీద పెట్టేసింది. బండి ఒకసారి మూలిగి, మళ్ళీ సర్దుకుంది. వద్దని అనబోయి ఊరుకున్నాను. ఎవరింట్లో కోడలు పుట్టింటికి పోయిందో, ఏ గెడ్డకి నీళ్ళొచ్చాయో, ఎవరి జీలుగు చెట్టు కల్లు ఆపేసిందో చెప్పుకుంటూ ఎక్కాం. అంత ఎత్తు ఎక్కినట్టు నాకు అనిపించలేదు.

సంత దగ్గరికి చేరేసరికి మైకు వినిపిస్తోంది. వ్యాను వెనక తలుపు తెరిచి సరిగ్గా డిపో గోడ పక్కన పెట్టాడు. నా గోనెసంచి చుట్టి మూల పడి ఉంది. మిరపకాయలామె అతనితో అప్పటికే కేకల మీద ఉంది. అతను నన్ను చూసి మైకు పక్కన పెట్టాడు. పెద్దవాడు కాదు, మా అమ్మాయి వయసుంటుంది.

"ఈ చోటు నీదా అమ్మా? నీదని ఎవరు సెప్పాలి?"

ఏమని చెప్పను? మా అత్త కూర్చునేదనా, నా మోకాళ్ళు అరిగాయనా, మా ఆయన అన్నం మానేసి చక్రం అతికాడనా? నేను ఆలోచిస్తూ బండికి స్టాండు వేసేలోపల, నాతో నడిచొచ్చిన ఆడవాళ్ళు మూటలు దించేశారు. వాళ్ళకి చోటు గొడవ తెలియదు. అలిసిపోయి, నీడ చూసుకుని, వ్యానుకీ గోడకీ మధ్య నా డబ్బా చుట్టూ చతికిలబడ్డారు. ఒకామె మూత తనే తీసి నెత్తళ్ళు చేత్తో ఎత్తి వాసన చూసింది.

"ఇవీ సేపలంటే. నాకు ముందు తూచు అప్పా, మా వోడు పొలానికి ఎల్లాలి."

కింద కూర్చున్న అంతమందిని దాటి వ్యాను తలుపు మూయడానికి కూడా అతనికి దారి లేదు. కాసేపు చూశాడు. నవ్వాడో, విసుక్కున్నాడో, "జరపండమ్మా, బండి తీస్తాను" అన్నాడు. చింతపండు కొట్టు అవతలికి తీసుకుపోయి పెట్టాడు. మిరపకాయలామె నా గోనెసంచి దులిపి పరిచింది, రాయి తీసి గోడ మీద పెట్టింది. అతను ఇప్పటికీ వస్తాడు. మైకులో అతని గొంతు బాగుంటుంది. అతని దగ్గర పెద్ద చేపలుంటాయి, నా దగ్గర సన్నవి. ఇద్దరికీ బేరం ఉంది.

ఎండ గోడ మీదికి వచ్చే వేళకి ఫోను మోగింది.

"మోటారు మీద సెయ్యెట్టు," అన్నాడు మా ఆయన. ముందు అదే మాట.

చేపల చెయ్యి చీరకి తుడుచుకుని పెట్టాను.

"ఎలాగున్నాది? సుర్రుమంటన్నాదా?"

"నేదు. గోరెచ్చగా ఉన్నాది."

"వాసన?"

"సేపల వాసనే."

అవతల ఎవరో అడుగుతున్నారు, షెడ్డులో ఉన్నాడన్నమాట. నడుము నొప్పితో అక్కడిదాకా ఎందుకు వెళ్ళాడో నాకు తెలుసు. గొంతు తగ్గించి అడిగాడు.

"సోటు?"

"కూకునే మాటాడతన్నాను."

అప్పుడు ఫోను దూరంగా పెట్టి షెడ్డు అంతా వినేలా అరిచాడు, "ఎక్కీసినాది! సెప్పినానా! డబుల్ పవర్!" ఎవరో ఎంత స్పీడు అని అడిగారు. ఆ మాటకి ఆయన ఏం జవాబు చెప్పాడో నాకు వినబడలేదు. మళ్ళీ నాతో, "బేగి అమ్ముకుని రా" అన్నాడు.

"బేగి రాను మావా," అన్నాను. "ఆడోళ్ళు నాతో కూడా దిగుతామంటన్నారు. వాళ్ళ సామాన్లు కట్టాలి."